చిట్టెం దిబ్బ

నాన్న రిటైరయ్యే ఏడాది మా ఇంట్లో ఎవ్వరూ కుదురుగా కూర్చున్నది లేదు. జంషెడ్‌పూర్‌లో కంపెనీ క్వార్టరు కంపెనీదే. ఉద్యోగం ఉన్నన్నాళ్లే ఆ తలుపూ, ఆ కుళాయీ, పెరట్లో అమ్మ పెంచుకున్న మునగచెట్టూ మావి. తర్వాత తాళంచెవి అప్పజెప్పి బయటికి నడవాలి. అమ్మ పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయేది. నేను అయినదానికీ కానిదానికీ తమ్ముడి మీద అరిచేదాన్ని. నాన్నయితే డ్యూటీ నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా వాకిట్లో ఇటూ అటూ తిరిగేవాడు. బ్లాస్ట్ ఫర్నేసులో కరిగిన ఇనుం ముందు ఏళ్ల తరబడి నిలబడ్డ మనిషి ఇంట్లో కాలుగాలిన పిల్లి అయిపోయాడు.

ఊరెళ్లిపోదాం అనుకోవడానికి శ్రీకాకుళం వైపు మాకు జానెడు నేల లేదు. ఉన్నదల్లా సొసైటీ ప్లాటు ఒక్కటే. ప్లాంటులోనూ, టాటానగర్ రైల్వేలోనూ పనిచేసే తెలుగువాళ్లు కొందరు కలిసి బిర్సానగర్ అవతల కొంత నేల కొన్నారు. చీటీలు తీసి ప్లాట్లు పంచుకున్నారు. నాన్న చీటీకి దిబ్బ మీద ప్లాటు తగిలింది. మెరక నేల, తూర్పు ముఖం. అదృష్టమంటే అదీ అని అందరూ వీపు తట్టారు. ఆ వారమంతా నాన్న పర్సుడీహ్ బజారులో కనిపించిన ప్రతి తెలుగువాడికీ టీ తాగించాడు.

నేనప్పుడు సాక్చీలో ఒక ప్రైవేటు డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసర్ని. ఇంజనీరు పెన్సిలుతో గీసిన ప్లాను మీద ట్రేసింగ్ గుడ్డ పరిచి ఇంకుతో మళ్లీ గీయడం నా పని. గీత తప్పితే బ్లేడుతో గీకి చెరపాలి. మా సొసైటీ లేఅవుటు మా ఆఫీసుకే వచ్చింది. నాన్న ప్లాటు అంకె నా చేత్తో నేనే వేశాను. అబద్ధమెందుకు, ఆ అంకె మిగతావాటికంటే కొంచెం అందంగానే వేశాను.

గీయడం వేరు, వెళ్లి చూడటం వేరు. కొలతలు ఒకచోట కలవడం లేదని ఇంజనీరు సైటుకి వెళ్తుంటే నేనూ వెళ్లాను. నాన్నా అమ్మా ముందే అక్కడున్నారు. సెలవురోజు కదా, సొసైటీ ఆడవాళ్లందరూ వచ్చేశారు, పిక్నిక్కే అనుకోండి. దిబ్బ మీద బల్లపరుపు రాతిపలకలు నేలకి ఆనించి పరిచి ఉన్నాయి. వాటి మధ్య నిలువెత్తు రాళ్లు కొన్ని నిలబెట్టి ఉన్నాయి. మా ఆడవాళ్లు వాటిచుట్టూ తిరుగుతూ అప్పుడే వాటాలు వేసేసుకుంటున్నారు. ఇది బట్టలుతికే బండకి బాగుంటుందని ఒకావిడ. అది మా గుమ్మం మెట్టుకి అని ఇంకొకావిడ. అమ్మ కూడా ఒక పలక మీద చెయ్యేసి నిలబడింది.

"బేగి ఏదో ఒకటి అనుకోవే. మల్లీ ఆలెత్తుకుపోతారు" అని నన్ను చూసి కేకేసింది.

అంతలో గడ్డి కొడుతున్న కూలి మనిషొకామె కొడవలి కింద పడేసి వచ్చింది. పక్క బస్తీలోని హో తెగ ఆడమనిషి. మా ఊళ్లో ఇళ్లు కట్టేచోట తట్టలు మోసే ఆడకూలీల్ని రేజా అంటారు, ఆవిడ రేజా. అమ్మ చెయ్యి పట్టుకుని పలక మీంచి తీసేసింది. "మత్ ఛూనా, దీదీ" అంది, ముట్టుకోకక్కా అని. గట్టిగా కాదు, వేడుకున్నట్టూ కాదు. అవి ససాన్ రాళ్లట. ఆ బస్తీవాళ్ల పెద్దలు, వాళ్ల పెద్దల పెద్దలు పోతే ఎముకలు కుండలో పెట్టి ఆ పలకల కింద దాచారట. వాళ్ల తాత తండ్రి ఏ పలక కిందున్నాడో కూడా చూపించింది. సరిగ్గా అక్కడే మా ప్లాను ప్రకారం రోడ్డు మలుపు.

నాకు ఒళ్లు మండింది. ఆవిడ మీద కాదు. ప్లాను మీద రాళ్లు లేవు, దిబ్బ లేదు, మనుషులు లేరు. తెల్లగుడ్డ మీద నల్లగీతలు. చూసి గీసినవాడెవడు? సర్వేకి వచ్చినవాడికి ఇంతింత రాళ్లు కనిపించలేదా? ఇంజనీరుని అడిగేశాను. ఆయన ఎండకి చెయ్యడ్డం పెట్టుకుని, "రాళ్లే కదమ్మా, తీసేస్తే పోతాయి" అన్నాడు.

ఈ గొడవలో నాన్న లేడు. దిబ్బకి వెనకవైపు ఏటవాలులో ఇంకొక కుప్ప ఉంది, నల్లటి రాళ్ల కుప్ప. దాని ముందు గొంతుక్కూర్చుని ఒక ముక్క చేతిలో ఎగరేసి చూస్తున్నాడు. చిట్టెం. ఇనుం కరిగించాక మిగిలే మడ్డి, ప్లాంటులో స్లాగ్ అంటారు. జంషెడ్‌పూర్‌లో చిట్టెం తెలియనివాడు ఉండడు. బురదయ్యే సందు కనిపిస్తే చాలు, ఎక్కణ్నుంచో లారీ వచ్చి పోసిపోతుంది. చిన్నప్పుడు భాలుబాసాలో నేను మోకాళ్లు చీల్చుకున్నది దాని మీదే.

"మన ప్లాంటుదే. పాతరోజుల్లో తెచ్చి పారబోసినారు" అన్నాడు నాన్న.

"బరువుగా ఉందే" అన్నాను చేతిలోకి తీసుకుని.

"అదే సెప్తన్నా. అప్పటి ఫర్నేసులు అలాటివి. ఇనుం సరిగ్గా దిగీది కాదు, సిట్టెంలోనే ఉండిపోయీది. నాకు తెల్దేటి?"

తెలియదని ఎలా అంటాం? చిట్టెం గురించి నాన్న మాట మా వాళ్లకి వేదం. ఆయన ప్లాంటుదన్నాడు, ప్లాంటుదైపోయింది. ఆ కుప్ప వైపు నేనూ మళ్లీ చూడలేదు. నా బుర్రనిండా ఆ రాళ్లే.

లేఅవుటులో కొంత ఖాళీజాగా వదలాలని నియమం. పార్కు అని రాస్తారు. మా సొసైటీ పెద్దలు తెలివిగా దాన్ని పల్లపు మూలకి తోసేశారు. వానాకాలం నీళ్లు నిలిచే జాగా, ఎవరూ ఇల్లు కట్టుకోలేనిది. నేను రెండురోజులు ఆఫీసులో కూర్చుని, ఆ పార్కుని ఎత్తి దిబ్బ మీద పెడితే ఎలా ఉంటుందో పెన్సిలుతో గీసి చూశాను. రోడ్డు కొంచెం వంపు తిరుగుతుంది, అంతే. రాళ్లు రాళ్లలా ఉంటాయి. దిబ్బ మీది ప్లాట్లు పల్లంలోకి దిగుతాయి. అందులో మొట్టమొదటిది మాది.

తెలిసే గీశాను. ఇప్పటికీ అదే గీస్తాను.

కమిటీ మీటింగు సెక్రటరీ గారింటి వసారాలో. ఆయన రైల్వే గార్డు. మాట్లాడుతుంటే పచ్చజెండా ఊపుతున్నట్టే ఉంటుంది, అన్నిటికీ పదండి పదండి అంటాడు. నేను ప్లాను పరిచి చెప్పాను. వాళ్ల పెద్దల సమాధులు, పాతకాలపువి, ప్రభుత్వం వాళ్లకి చూపించాల్సినవి, పగలగొడితే మళ్లీ రావు అన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టైంది.

"పాప బాగా సదువుకుంది. టీ తెండర్రా" అన్నాడు సెక్రటరీ.

నాకు తిక్క రేగింది. ప్లాను చుట్టేసి లేచి, "సరే బాబాయ్, కట్టుకోండి. శల్యం మీద ఇల్లు కట్టుకుని ఎంతమంది బాగుపడ్డారో మీకే తెలియాలి" అన్నాను.

ఇంటి నేలలో ఎముక ఉంటే శల్యదోషం. శంకుస్థాపనకి ముందు తవ్వించి చూసుకునే జాతి మాది. చరిత్ర అంటే వినరు, చట్టం అంటే వినరు. శల్యం అనేసరికి వింటారు. దిబ్బ మీద ప్లాటున్న ఒకాయన గ్లాసు కింద పెట్టేశాడు.

"ఎముకలా? ఎన్నెముకలమ్మా?"

"ఊరికి ఊరే ఉంది కింద."

అంతే. అప్పటికప్పుడు తీర్మానం అయిపోయింది. దిబ్బ పార్కు. ప్లాట్లు కిందికి. మారనన్నవాడు ఒక్కడే, మా నాన్న. గోడకి ఆనుకుని కూర్చుని నన్నే చూస్తున్నాడు. పల్లపు ప్లాట్లలోనూ మరీ అడుగునున్నది, కప్పలు కాపురముండేది, ఆయనకే మిగిలింది. ప్లాను మార్చమన్న పిల్ల తండ్రే కదా, ఏమంటాడులే అని అందరూ మంచివి ఏరుకున్నారు.

మర్నాడు ఆఫీసులో బ్లేడు పెట్టి ఆ అంకె గీకాను. ట్రేసింగ్ గుడ్డ మీద ఇంకు పోతుంది గాని మచ్చ పోదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లడానికి కాళ్లు రాలేదు. సాక్చీ గోలచక్కర్ చుట్టూ తిరిగి తిరిగి వెళ్లాను.

"ఓలి గుంటా" అన్నాడు నాన్న, నేను గుమ్మంలో ఉండగానే. "నీ సేత్తో నువ్వే నా ఇల్లు గీకేసేవేటే? సచ్చినోలకి జాగా ఇచ్చినావు. బతికున్నోడు ఎక్కడికెల్తాడే?"

"పల్లమైతే ఏమైంది నాన్నా, మెరక చేసుకుందాం."

"ఏటెట్టి సేత్తావు? నీ నోరెట్టా?"

అమ్మ మధ్యలో వచ్చింది. "ఒల్లకోండి ఇద్దరూనూ. ఈదంతా ఇంటంది." కానీ ఆవిడా ఆ రాత్రి నాకు అన్నం పెట్టి పక్కన కూర్చోలేదు. మూడుపూటలా తిట్టినా ఓర్చుకోగలను గాని మా అమ్మ మాట్లాడకపోతే నాకు ఊపిరాడదు.

క్వార్టరు ఖాళీ చేసే గడువు తరుముకొస్తోంది. వానలు పడితే ఆ మూల పునాది తీయడం కూడా కుదరదు. నాన్న రోజూ సైకిలేసుకుని వెళ్లి ఆ నీళ్లగుంట ముందు నిలబడి వచ్చేవాడు. ఒకరోజు మాత్రం నవ్వు ముఖంతో వచ్చాడు. దిబ్బ వెనక అంత చిట్టెం పడుంది కదా, లారీ అక్కర్లేదు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు, తెచ్చి పోసేస్తే గుంట నిండుతుంది.

అంతేకాదు, ఇంకొక లెక్క కూడా వేసుకున్నాడు. నా నోటి పుణ్యాన సొసైటీ అంతా ఇప్పుడు దెయ్యాలకి జడుస్తోంది. పక్కనే ఎముకల దిబ్బ. ఇనుమంటే దెయ్యానికి హడలు. పురిటి మంచం కింద కత్తి పెట్టేది అందుకే, స్మశానం నుంచి వచ్చినవాళ్లు ఇనుం ముట్టుకుని ఇంట్లోకి వచ్చేది అందుకే. ఇక ఇల్లు మొత్తం ఇనప చిట్టెం మీద కూర్చుంటే వేరే రక్ష ఎందుకు?

ఈ మాట నాన్న ఒక్కడితో అన్నాడు, వాడు పదిమందికి చెప్పాడు. తట్టలు పట్టుకుని జనం ఎగబడ్డారు. తలా కొంచెం గుమ్మం కిందకీ, దేవుడి మూలకీ, మెట్లకీ. ఎక్కువభాగం మాది. ఆ హో ఆవిడ కూడా కూలికి వచ్చి మాకు తట్టలు మోసింది. రాళ్ల జోలికి ఎవరూ పోలేదు కాబట్టి ఆవిడకీ ఇబ్బంది లేదు. నేనూ మోశాను. అమ్మ చెంగు నడుముకి దోపుకుని ముందు నడిచింది. అప్పటికి నాతో మాట్లాడుతోంది. వానలకి ముందే గుంట నిండిపోయింది, గోడలు లేచాయి, దిబ్బ వెనక గునపం గీతలు తప్ప ఏమీ మిగల్లేదు. నాన్న క్వార్టరు తాళంచెవి ఇచ్చేసి వచ్చి మా ఇంటి ముందు గదిలో, ఇంకా తడారని మట్టినేల మీద, వెల్లకిలా పడుకుని గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు కోసమే కదా ఇదంతా అనుకున్నాను. నేల ఆరాక సిమెంటు చేయిద్దామన్నాడు.

ఆ రాళ్ల గురించి పురావస్తు శాఖకి ఒక ప్లాను ప్రింటు, దరఖాస్తు నేను ముందే పంపి ఉన్నాను. శాఖ ఆఫీసు పాట్నాలో, అక్కణ్నుంచి జవాబు లేదు. నేనూ మర్చిపోయాను. మరుసటి చలికాలంలో ఒక పొద్దున ఆ శాఖ నుంచి కాన్వాసు సంచీతో ఒకాయన రిక్షా దిగాడు. దిబ్బంతా తిరిగాడు. రాళ్లకి ఫోటోలు తీశాడు. పార్కుగా వదిలినందుకు నన్ను మెచ్చుకున్నాడు. ఇలా ముందే ప్లానులో తప్పించేవాళ్లు దొరకరమ్మా, మేం వచ్చేసరికి పునాదులు పడిపోయి ఉంటాయి అన్నాడు హిందీలో. నేను పొంగిపోయి టీకి ఇంటికి తీసుకొచ్చాను.

గుమ్మం దగ్గర ఆగిపోయాడు. అమ్మ అక్కడ అగరొత్తులు గుచ్చుకోవడానికి ఒక మట్టిగొట్టం ముక్క పెట్టుకుంది. చిట్టెం పోసేటప్పుడు అందులో దొరికింది, నడిమధ్య బెజ్జం ఉందని దాచుకుంది. ఆయన అగరొత్తులు తీసి పక్కన పెట్టి దాన్ని ఎండలోకి తీసుకెళ్లాడు. ఒక చివర కాలి, గాజులా మెరుస్తూ, దానికి చిట్టెం కరుచుకుని ఉంది.

"ఇది ఎక్కడ దొరికింది?"

నాన్న చెయ్యి చాపి తీసుకున్నాడు. అన్నాళ్లూ గుమ్మంలో చూస్తూనే ఉన్నాడు గాని చేతిలోకి తీసుకున్నది అప్పుడే. బెజ్జంలోంచి ఒక కన్నుతో చూశాడు. కాలిన చివర వేలితో తడిమాడు. ముఖం మారిపోయింది.

"టుయర్" అన్నాడు.

ఫర్నేసులోకి గాలి కొట్టే గొట్టం పేరది. ప్లాంటులో అది రాగిది, ఒక్క మనిషి ఎత్తలేడు. వాటి పక్కనే నాన్న జీవితం గడిచింది. ఇదేమో మట్టిది, చేతిలో పట్టేది. పని మాత్రం అదే.

పాట్నా ఆయన నెమ్మదిగా చెప్పాడు. ప్లాంటు కాదు, ఈ ఊరే లేనప్పుడు, ఎవరో ఈ ఏటవాలులో మట్టికొలిమి కట్టి, తిత్తులు తొక్కి, ఇనుం తీశారు. అందుకే చిట్టెం అంత బరువు. ఆ కుప్ప ఏది, చూపించండి అని అడిగాడు.

నాన్న వేలు తన కాళ్లకిందికి చూపించింది.

"మొత్తమా?"

"మొత్తం సార్" అన్నాడు నాన్న. వెంటనే, "తవ్వి తీసుకెళ్లి మల్లా అక్కడే పోసేత్తాను. నానే మోత్తాను. అంతా ఇక్కడే ఉంది, ఎక్కడికీ పోనేదు" అని తెలుగులోనే గడగడా అనేశాడు. నేను హిందీలో చెప్పాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. పొరల్లో ఉన్నప్పుడు ఏది కింద, ఏది పైన, బొగ్గు ఎక్కడ, కుండపెంకు ఎక్కడ అని చూసి కాలం చెప్పగలరట. ఒకసారి కదిలించి కలిపేశాక, తీసుకెళ్లి అక్కడే పోసినా అది వట్టి రాళ్లే.

"ఎప్పటోలు సార్? ఎవులు?" నాన్న వదల్లేదు. గొంతు పిల్లాడి గొంతైపోయింది. "సుమారుగా అయినా సెప్పండి."

"ఇప్పుడు చెప్పలేనండి" అన్నాడాయన. "చెప్పేది అదే. ఇంక ఎవరూ చెప్పలేరు."

టీ తాగకుండానే వెళ్లాడు. కోపంతో కాదు, రైలు టైమైంది. ఆ గొట్టం ముక్క కాగితంలో చుట్టి పట్టుకెళ్లాడు. నాన్న రిక్షా వెంట వీధి చివరిదాకా నడిచాడు.

ఆ తర్వాత నాన్నకి నిద్ర పట్టేది కాదు. కూర్చున్నచోటునుంచి లేచి చీపురుపుల్లతో నేల గీకేవాడు. "ప్లాంటుదని అన్నానే. నా సేతికి తెలిసిందే బరువు. సెయ్యి సెప్తంటే నోరు ఇననేదు" అనేవాడు. పోనీలే నాన్నా అంటే నా మీద విరుచుకుపడేవాడు. నీ రాళ్లు నీకు దక్కాయి, నీకేం పోయిందే అనేవాడు. అది నిజం కాదు. నాకూ పోయింది. ఎముకలతో భయపెట్టి రాళ్లు కాపాడాను, ఆ భయమే తట్టలు పట్టుకుని వచ్చి ఆ కుప్పని ఎత్తుకుపోయింది. అయినా చెప్తున్నా కదా, ఆ మాట అనకపోతే ఆ రాళ్లు ఈపాటికి బట్టలుతికే బండలు. తల పగిలేలా ఆలోచించినా నాకు ఇంకో దారి కనపడదు.

సిమెంటు పనివాడు వస్తే నాన్న గుమ్మంలోనే ఆపేశాడు. "ముందు గదికి ఒద్దు. రేపెవుడైనా తెలిసినోడొచ్చి తవ్వుతానంటే?" అన్నాడు. ఎవరూ రారు, వచ్చినా దొరికేది లేదని పాట్నా ఆయనే చెప్పాడు కదా అన్నాను. వినలేదు. కాలనీలో అందరికీ సిమెంటు నేలలు వచ్చాయి. కొందరికి మొజాయిక్ కూడా వచ్చింది. మాకు ముందు గదిలో పేడ అలుకు. అమ్మకి అది ప్రాణసంకటం. పేడ కోసం ఎక్కడెక్కడికో వెళ్లాలి. నడుం పట్టేసేది. అలుకుతున్నంతసేపూ నాన్ననీ, ఆయన కొలిమినీ, పాట్నా ఆయన్నీ కలిపి తిట్టేది. చుట్టాలొస్తే తలెత్తుకోలేకపోతున్నానని ఏడ్చేది.

నాన్న ఎనభైల ఆఖర్లో పోయాడు. ఆ నేల మీదే పడుకోబెట్టాం. దినాలు అయ్యాక మా తమ్ముడు, ఇకనైనా అమ్మకి ఈ చాకిరీ తప్పిద్దామని, సిమెంటు బస్తాలు దింపించాడు. మేస్త్రీ తాడు కట్టి మట్టం చూస్తున్నాడు. అమ్మ పెరట్లోంచి వచ్చి చూసి, ఆ తాడు విప్పేసింది.

"మా, అబ్ తో కర్‌నే దో" అన్నాడు తమ్ముడు, ఇకనైనా చెయ్యనివ్వమని. "పాపా నహీఁ రహే." నాన్నే లేడు కదా అని.

నేనూ అమ్మ నడుం గురించి ఏదో అనబోయాను. అమ్మ మా ఇద్దరివైపూ చూడలేదు. మూలనున్న పేడతట్ట దగ్గరికి లాక్కుంది.

"మీ నాయిన ఎవులని అడిగేడు. జవాబు ఇంకా రానేదు" అంది. "వొచ్చీదాకా ఉండనీండి."

చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, గది మూలనుంచి అలకడం మొదలుపెట్టింది.